పైడితల్లి తట్టకు దారి

ఆటోనగర్‌లో మావారు పెడుతున్న బోల్టుల షెడ్డులో రేపు మిషన్లకు పునాదులు తవ్వుతారు. అందుకని ఈ రోజు పొద్దున్నే ఆయనతో వెళ్లి, మేమిద్దరం కాగితం మీద వేసుకున్న ప్లాను ప్రకారం ఏ మిషను ఎక్కడ వస్తుందో నేల మీద ముగ్గుపిండితో గీశాను. టేపు పట్టి రెండుసార్లు కొలిచాను. మిషన్ల మధ్య దారిలో నేనే అటూ ఇటూ నడిచి, సరిపోయిందన్నాను.

బోల్టులు మోయడానికి కుదుర్చుకున్న పైడితల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నువ్వూ ఒకసారి నడిచి చూడమన్నాను. ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"నానొక్కదాన్నయితే ఎల్పోతానమ్మా. ఎదురుగా ఇంకో తట్టొస్తే ఏటి సేత్తాను, మిషనెక్కి కూకుంటానా?"

మావారు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"పాత షెడ్డులో ఇలాగే ఓరగా తప్పుకుంటే మిషను నా కొంగు లాగీసింది బాబూ. ఆ యేళకి కరెంటు పోబట్టి బతికున్నాను."

మావారు చీపురు తెచ్చి ముగ్గంతా చెరిపేశారు. దారి వెడల్పు చేసేసరికి, ప్లానులో ఆయన ముచ్చటపడ్డ ఆఫీసు గది సగమైంది. రెండు తట్టలు ఎదురెదురుగా పట్టేదాకా మళ్లీ మళ్లీ గీశాను. ఒక తట్ట పైడితల్లి నెత్తిన, ఇంకొకటి నా నెత్తిన.

మా వంటగది కట్టేటప్పుడు నన్నెవరూ అడగలేదని పదిహేనేళ్లుగా సణుగుతున్నాను. పైడితల్లిని అడగాలని మాత్రం గీతలన్నీ గీసేశాక గానీ నాకు తోచలేదు.

మీ వంటగది ఎవరు కొలిచారు? చెప్పండి, కలిసి సణుగుదాం.