నాయన చెవులకు డబల్ డ్యూటీ

మా నాయనకు చెవుడు వచ్చిన సంగతి నాకు ఒక ఎలుగుబంటి వల్ల తెలిసింది.

ఎరువుల కంపెనీ పని మీద నేను జూలూరుపాడు వైపు తిరుగుతుంటాను. అడవి దారిలో తిరిగే మనిషి ఇంటికి ఉత్త చేతులతో వచ్చినా ఉత్త నోటితో రాకూడదని నా పట్టుదల. ఆ చలికాలం ఒక సాయంత్రం చాయ్ తాగుతూ, పోయిన వానాకాలం ఒక ఎలుగుబంటి చెయ్యెత్తి నా బండి ఆపిందనీ, పోలీసులు పట్టుకుంటారని దానికి నా హెల్మెట్ పెట్టి మరీ వెనక కూర్చోబెట్టుకున్నాననీ చెప్పాను.

నాయన తలూపాడు. "అవ్, మంచిపని జేసినవ్" అన్నాడు.

ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో, భూమి లోపల డ్రిల్లింగ్ మిషను పట్టిన మనిషి ఆయన. నా చిన్నప్పటి నుంచి నా ప్రతి కోతనూ సగంలో పట్టుకుని "ఆగాగు, మళ్లొక్కసారి చెప్పు" అనేవాడు. ఎలుగుబంటి హెల్మెట్‌ను ఆయన ఎట్లా వదిలేశాడు?

అప్పటికే చుట్టాలు గుసగుసలాడుతున్నారు, ముసలాయనకు మతి తప్పుతున్నదని. నిజమే అనిపించేది. చెప్పిన మాటే మళ్లీ అడిగేవాడు. ఖానాపురం హవేలిలో మా వీధి చివర చాయ్ బండి దగ్గర పాత బాయి దోస్తులతో రోజూ కూర్చునేవాడు, అదీ మానేశాడు. అడిగితే "ఆళ్లతోని ఏం మాట్లాడేది ఉంది" అనేవాడు. ఒకసారి వెనక నుంచి ఆటో హారన్ కొట్టినా పక్కకు జరగలేదు. మతి పోతే ఇక తిరిగి రాదని నాకు లోపల భయం.

కానీ ఆ ఎలుగుబంటి మాట ఆయన అసలు విననే లేదేమోనని అనుమానం వచ్చి ఖమ్మం తీసుకెళ్లాం. చెవుల పరీక్ష చేసినామె కాగితం మీద గీతలు చూపించి నాతో చెప్పింది. "మిషన్ల మోతకు ఈయన చెవులు ఎప్పుడో దెబ్బతిన్నయ్ సార్. సగం మాటలే వినబడుతయ్, మిగతా సగం ఊహించుకోవాలె. దానికే బుర్ర అలిసిపోతది, ఇంక గుర్తేం పెట్టుకుంటరు?"

"చెవికి మిషను పెడితే మతిమరుపు పోతదా మేడమ్?"

"పోతదని హామీ ఇయ్య. అసలు ఉన్నదో లేదో గూడ ఇప్పుడే చెప్పలేం. మాటలు చెవిన పడుతుంటే మాత్రం నలుగుర్ల కూసుంటరు, బుర్రకు పని దొరుకుతది, వెనక బండి వచ్చేది తెలుస్తది. కని పొద్దున లేచినకాడికెళ్లి రాత్రి పండేదాక పెట్టుకోవాలె. మొదట్ల గిన్నెల చప్పుడు గూడ పిడుగు లెక్కనే ఉంటది. కొన్ని వారాలు ఓపిక పట్టాలె."

చార్జింగు పెట్టుకునే చెవి మిషను కొన్నాం. గిన్నెల పిడుగులను నాయన బాగానే తట్టుకున్నాడు. చిక్కు ఇంకోచోట వచ్చింది.

బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. ల్యాంప్ రూమ్‌లో బిళ్ల ఇస్తే టోపీ లైటు ఇస్తారు. షిఫ్టు దిగి లైటు జమ చేస్తే బిళ్ల తిరిగిస్తారు, లైటు చార్జింగుకు పోతుంది. బ్యాటరీ ఉండి, చార్జింగు పెట్టే వస్తువు ఏదైనా నాయన దృష్టిలో టోపీ లైటే. అందుకని వంటింటి గోడకు ఒక మేకు కొట్టాడు. పొద్దున ఆరింటికి మిషను తీసుకుని, ఆ మేకుకు పాత తాళంచెవి బిళ్ల తగిలించేవాడు. మధ్యాహ్నం రెండు కాగానే మిషను తీసి నా భార్య చేతిలో పెట్టి, "జమ చేసుకో బిడ్డా, ఫస్ట్ షిఫ్ట్ అయిపోయింది" అని బిళ్ల జేబులో వేసుకునేవాడు.

దోస్తులు చాయ్ బండి దగ్గర చేరేది అయిదింటికి. నేను ఇల్లు చేరేది ఆరింటికి. మనుషులంతా ఉండే వేళకు నాయన చెవులు చార్జింగులో ఉండేవి. పొద్దంతా ఆయన విన్నది మిక్సీనీ, కూరగాయల బండి మైకునూ.

నేను బతిమాలాను, అరిచాను. "ఎనిమిది గంటల కంటె ఎక్కువ నడిపితే మిషను ఖరాబైతది" అని ఒకటే మాట. ఆయన మొండితనం ముందు నా కథలన్నీ దండగ. చివరికి నా భార్యే దారి కనిపెట్టింది. ఆమె కూడా బాయి కార్మికుడి కూతురే. ఒకరోజు రెండింటికి నాయన చెయ్యి చాపితే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని, ఆయనకు వినబడేలా గట్టిగా అన్నది.

"జమ తీసుకోను మామా. మీ రిలీవర్ రాలే."

"నా చెవులకు రిలీవర్ ఎవడే?"

"అందుకే డబల్ డ్యూటీ. మనిషి రాకుండ పని ఇడిసిపెట్టి పోతరా మీరు?"

తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, రాకుండా పని వదిలి పైకొచ్చిన పేరు ముప్పై ఏళ్లలో నాయనకు లేదు. సణుక్కుంటూ మిషను మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. మర్నాడూ రిలీవర్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రెండో వారంలో చాయ్ బండి వైపు అడుగులు పడ్డాయి.

ఒక సాయంత్రం నేనూ అక్కడికే వెళ్లాను. నాయన దోస్తులు నలుగురు ఉన్నారు. కొత్త చెవులు దొరికితే నేను ఊరుకోను గదా, ఎలుగుబంటిని మళ్లీ తీశాను. పోయిన వానాకాలం, జూలూరుపాడు దాటాక, బండి, హెల్మెట్. నలుగురూ నోరు తెరుచుకుని వింటున్నారు.

"ఆగాగు" అన్నాడు నాయన. "వానాకాలమంత నీ బండి ఇంజను ఇప్పి షెడ్డుల పడేసిండ్రు. నువ్ బస్సుల తిరిగినవ్. కండక్టర్ చిల్లర ఇయ్యలేదని రోజూ ఇంట్ల తిట్టేటోనివి."

మిషను లేని రోజుల మాట అది. సగం మాటలే వినబడ్డ చెవులతో విని, దాచి పెట్టుకున్నాడు. దోస్తులు తొడలు చరుచుకుని నవ్వారు.

నాయన గ్లాసు కింద పెట్టి నా వైపు జరిగాడు.

"సరే, బస్సే అనుకుందాం. ఎలుగుబంటి ఏ సీటుల కూసున్నది? టికెట్ ఎవడు కొట్టిండు? చెప్పు, వింటున్న."