అత్తయ్య కారుకు కొత్త అద్దం

మా మేనత్త పోయారని మొన్న దెందులూరు నుంచి కబురొచ్చింది. నిద్రలోనే వెళ్ళిపోయారట. వినగానే ఏడుపొచ్చింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. ఆవిణ్ణి తలుచుకుని ఏడ్చి ఊరుకోవడం ఎవరి తరమూ కాదు లెండి.

ఆవిడ కారు నడిపేవారు. ఆ రోజుల్లో, మా వైపు, ఓ ఆడమనిషి కారు నడపడమంటే మాటలా? మామయ్య పోతూ వదిలి వెళ్ళిన పాత నల్లకారు అది. అప్పటికే దానికి ఇంచుమించు నా వయసుంటుంది. అమ్మేయమని మా నాన్న ఎప్పుడు అన్నా, "మీ బావ నాకు నేర్పింది ఇదొక్కటేరా, ఇదీ అమ్మేయనా?" అనేవారు. కొంగు నడుముకు దోపుకుని, హారను ఓసారి మోగించి, "పద నాయనా" అని కారుకే చెప్పేవారు. నాలో ఏ కాస్త తెగువ ఉన్నా అది ఆవిడ చలవే.

నా పెళ్ళి తాడేపల్లిగూడెంలో, మగపెళ్ళివారింట. నన్ను కారులో తానే తీసుకెళ్తానని అత్తయ్య ఎప్పుడో మాట తీసుకున్నారు. తీరా పెళ్ళి దగ్గరపడ్డాక, కొల్లేటి గట్టు మీద అత్తయ్య కారులో వస్తుంటే సంచిముక్కు గూడబాతొకటి ఎగిరొచ్చి ముందద్దానికి కొట్టుకుంది. పక్షి సర్దుకుని ఎగిరిపోయింది గానీ, అద్దం నిలువునా పగిలింది.

ఇక నానమ్మ అందుకుంది. "అద్దం పగిలిన బండి. పైగా బొట్టులేనిదానివి, పెళ్ళికూతురి ముందు కూచుంటావుటే?" అని కన్నకూతుర్నే అనేసింది. మామయ్య పోయాక అత్తయ్య శుభకార్యాల్లో వెనకే ఉండిపోయేవారు. ఆవిడ మొహం చిన్నబోయింది. అయినా, "రోడ్డు మీద శకునాలుండవమ్మా, గోతులుంటాయి" అన్నారు. చివరికి నాన్న మధ్యస్తం చేశారు. "బయల్దేరే వేళకు కొత్త అద్దం అమరితే అక్కయ్యే తీసుకెళ్తుంది, లేకపోతే పిల్ల చుట్టాలతో బస్సులో వెళ్తుంది" అని తేల్చారు. అత్తయ్యను వెనక్కి నెట్టి చేసుకునే పెళ్ళి నాకెందుకు?

బయల్దేరే రోజు పొద్దున్న ఏలూరు నుంచి వరిగడ్డిలో చుట్టిన అద్దం దిగింది, వెంట ఫిట్టరు కూడా. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, రబ్బరు గాడిలో సన్నటి వలతాడు దూర్చారు. బయటి నుంచి అద్దాన్ని నొక్కుతూ లోపలి నుంచి తాడు లాగితే, రబ్బరు అంచు తిరగబడి చట్రాన్ని పట్టుకుంటుంది. బాగా జారుతుందని నాన్న దానికి ఆముదం పూశారు. ఇంకేముంది, ఓ మూల కూచుంటే ఇంకో మూల లేచింది. ఎంత నొక్కినా అంతే. ఈలోగా చుట్టాల బస్సు వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఆ జిడ్డు తుడిచేయండి" అన్నారు అత్తయ్య. "ఒసే, నీ తలంటుకి తీసిన కుంకుడురసం ఏదే?"

"పెరట్లో ఉంది అత్తయ్యా. మరి నా తలంటు?"

"నీ తలకేం తొందర? ముందు దీనికి పోద్దాం."

గిన్నెతో పట్టుకొచ్చాను. రబ్బరంతా నురగ చేసి నాన్నా ఫిట్టరూ బయటి నుంచి నొక్కారు. గోరింటాకు చేతులతో నేనూ ఓ పట్టు పట్టాను. లోపల అత్తయ్య, "ఆ మూల, ఆ మూల నొక్కండి" అంటూ తాడు లాగారు. రబ్బరు టపటపా తిరగబడుతూ వచ్చింది. చివరి జానెడూ లాగేసరికి తాడంతా ఆవిడ ఒళ్ళో పడింది. అద్దం కూచుంది. వాకిలంతా చప్పట్లే.

ఆవిడ స్టీరింగు ముందుకు జరిగారు. నానమ్మ కుంకుమ భరిణె తెచ్చి నా చేతికిచ్చి, "కొత్త అద్దం కదా, మధ్యలో బొట్టు పెట్టు" అంది. కారు ముందుకెళ్ళాను. అద్దం వెనక తెల్లచీరలో, చెమటలు కారుతూ, నవ్వుతూ అత్తయ్య కనిపించారు. ఆవిడ నుదురు ఎక్కడ కనిపిస్తోందో సరిగ్గా అక్కడ, అద్దం మీద, రూపాయంత బొట్టు పెట్టాను.

నానమ్మ చూసింది. నా చేతిలోంచి భరిణె తీసుకుని మూత పెట్టింది.

"అడ్డంగా పెట్టారండీ అమ్మాయిగారు, రోడ్డు కనపడదు" అంటూ ఫిట్టరు గుడ్డ తీశాడు.

"ఉండనివ్వు బాబూ" అన్నారు అత్తయ్య.

తాడేపల్లిగూడెం దాకా మెడ ఓ పక్కకి వాల్చి, ఆ బొట్టు పక్క నుంచే రోడ్డు చూసుకుంటూ నడిపారు.