టమేటా కవిత, పదకొండు కార్డులు

తొంభైల్లో, మదనపల్లెలో డిగ్రీ చదివే రోజుల్లో, నాకున్న కోరిక ఒక్కటే. నా కవితను ఒక్కరైనా చివరిదాకా చదవాలి. టమేటా మీద పన్నెండు పంక్తులు రాశాను. "ఓ టమేటా, నీ ఎరుపు, నా గుండెలో మెరుపు" అని మొదలవుతుంది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నాకే ఒళ్లు జలదరించేది. పత్రికలకు పంపితే పోయినంత వేగంగా తిరిగొచ్చింది. స్నేహితులకు వినిపించబోతే ఒకడికి బస్సు టైమయ్యేది, ఇంకొకడికి కడుపునొప్పి వచ్చేది.

అప్పుడే మా ఇంటికొక పోస్టుకార్డు వచ్చింది. ఏదో గుళ్లో పాము మాట్లాడిందట. ఈ సంగతి పదకొండు మందికి రాసి పంపితే మేలు, పంపకపోతే కీడు. రాసినవాళ్ల పేరు లేదు. మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివింది. తలస్నానం చేసొచ్చి మరీ పదకొండు కార్డులూ రాసింది. కొడుకు కవిత వినడానికి తీరిక లేని మనిషి! నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఉపాయం తట్టింది.

నేనూ పదకొండు కార్డులు తెచ్చుకున్నాను. పైన నా కవిత, కింద షరతు. "దీన్ని పదకొండు మందికి రాసి పంపండి. కుప్పంలో ఒకామె పంపితే ఎండిన బోరులో నీళ్లు పడ్డాయి. ఇంకొకాయన నవ్వి పారేస్తే ఆవు పాలివ్వడం మానేసింది." కుప్పంలో నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. మావైపు మనుషుల్ని కదిలించాలంటే బోరూ ఆవూ చాలని మాత్రం తెలుసు. దొరికిపోకుండా ఎడమచేత్తో రాశాను. ఒక కార్డు పుంగనూరులో ఉన్న మేనమామకు వేశాను. ఆయనకు రెండు ఆవులుండేవి.

వారం తిరక్కుండా మామ మా ఇంటికి వచ్చాడు, చేతిలో నా కార్డు, చంకలో ఖాళీ కార్డుల కట్టతో.

"ఎవడో పనిలేనోడు నా నెత్తిన పెట్టినాడు సూడప్పా. నిన్న ఎర్రావు పాలు తక్కువిచ్చింది. నీ రాత బాగుంటాది, పదకొండు రాసియ్యి" అన్నాడు.

నాకు గుండె ఆగినంత పనైంది. భయంతో కాదు, సంతోషంతో.

"కవిత ఎట్లుండాది మామా?" అన్నాను వీలైనంత అమాయకంగా.

"ఏం కవిత?"

"పైన రాసుండారు గదా."

"ఓ, అదా! దాన్ని కొట్టేసినాలే. టమేటా గురించి మనకి ఇంగొకరు సెప్పల్నా? బోరు కాడ్నించి రాయి."

రెండు పంక్తులైనా ఇరికిద్దామని చూశాను. అమ్మ నా వెనకే నిలబడింది.

"ఉండేది ఉండేట్టు రాయి. నీ సొంత తెలివి వద్దు. ఆవుకేమన్నా అయితే ఎవురిది పూచీ?"

నా కవితను నా కుడిచేత్తోనే పదకొండుసార్లు వదిలేశాను. ఏడుపొచ్చింది, నిజంగానే. మామ మాత్రం కాఫీ తాగి, నా చేతిరాతను మెచ్చుకుని వెళ్లాడు.

పదేళ్లు దాటాయి. కురబలకోట దగ్గర నాకూ కాస్త నేల, ఒక బోరు వచ్చాయి. మామ చేతికి కూడా సెల్‌ఫోను వచ్చింది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునే ఆ రోజుల్లో ఒక సాయంత్రం నాకు మెసేజి వచ్చింది. కుప్పంలో ఒకామె పదకొండు మందికి పంపితే మూడు బోర్లలో నీళ్లు పడ్డాయట! నా అబద్ధమే, కాస్త ఒళ్లు చేసి తిరిగొచ్చింది. పడీపడీ నవ్వి తీసేశాను.

మర్నాడు పొద్దున్నే బోరు మోటారు కాలిపోయింది.

నేను పుట్టించిన దానికి నేనే భయపడతానా అని మొండికేశాను. మధ్యాహ్నం దాకా. భోజనం చేశాక, పంపినవాడికి ఫోను చేసి, ఆ మెసేజి మళ్లీ పంపమని బతిమాలాను. వచ్చాక ఒక్క క్షణం ఆలోచించి, పైన "ఓ టమేటా, నీ ఎరుపు, నా గుండెలో మెరుపు" అని చేర్చాను. పదకొండు మందికీ పంపాను. అందులో మామ ఒకడు.

ఐదు నిమిషాల్లో మామ ఫోను చేశాడు. ఇన్నేళ్లకు చదివాడన్న ఆశతో ఎత్తాను.

"అల్లుడూ, నువ్వు పంపిందాంట్లో పైన టమేటా అని ఏందో తప్పుగా పడుండాది" అన్నాడు. "నేను దాన్ని తీసేసి అందరికీ పంపినాలే. నువ్వేం దిగులు పడాకప్పా."