మాస్టారు మెట్ల మీద జారలేదు

టేపు మాస్టారంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. కొలతల టేపు మెడలో లేకుండా ఆయన్ని చూసిన పాపాన ఎవరూ పోలేదు. కింద కుట్టు షాపు, పైన కాపురం, మధ్యలో నిటారుగా మెట్లు. అబద్ధాలు ఆయనకి కొత్తేం కాదు. "రేపు సాయంత్రానికి ఖాయం" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. దర్జీ చెప్పే రేపుని ఎవరూ అబద్ధం కింద జమకట్టరనుకోండి. అసలైన అబద్ధం, ఇంకొకళ్ల మీదికి వెళ్లే అబద్ధం, ఆడింది మాత్రం జుట్టు పూర్తిగా నెరిశాక, ఆస్పత్రి మంచం మీద.

ఊరి బయట మైదానంలో స్కైడైవింగ్ క్లబ్బు ఒకటుంది. డబ్బు కట్టినవాళ్లని విమానం ఎక్కించి, పారాచూట్‌తో కిందికి దూకిస్తారు. వాళ్ల సూట్లు చిరిగితే మాస్టారి దగ్గరికే వచ్చేవి. ఆ ప్యాంట్లకి మోకాళ్ల దగ్గర చెయ్యి దూరేలా గుడ్డ పట్టీలుంటాయి. నేల దగ్గరపడగానే వాటిని పట్టుకుని కాళ్లు పైకి లాక్కోవాలి. ఆ పట్టీలు కుట్టీ కుట్టీ మాస్టారికి ఓ పాడు ఆశ పుట్టింది. "ఒకసారి మీరూ రండి మాస్టారూ, మా కానుకనుకోండి" అని శిక్షకుడు అన్నదే తడవు, సరేననేశాడు. ఇంట్లో చెబితే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు. ఆ ఉదయం కోడలు మెట్లు కడిగి, అవి ఆరకముందే ఆఫీసుకి పరుగెత్తింది. ఆమె వీధి మలుపు తిరగ్గానే ఈయన షాపుకి తాళం వేశాడు.

శిక్షకుడు మాస్టారిని తన ఛాతీకి కట్టుకుని దూకాడు. ఇద్దరికీ ఒకటే పారాచూట్. పైన బాగానే ఉంది, ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చిక్కల్లా కిందే వచ్చింది.

"పట్టీలు లాగండి! గట్టిగా!" అని శిక్షకుడు చెవి దగ్గర అరుస్తున్నాడు. మాస్టారికేమో ఆ పట్టీలకి తను హడావిడిలో వేసి పంపిన ఒంటి కుట్టు గుర్తొచ్చింది. గట్టిగా లాగితే ఊడొస్తుంది. ఊడొస్తే ఇంతమందిలో పరువేం కాను? అందుకని ఖరీదైన బట్టని పట్టుకున్నట్టు సుతారంగా పట్టుకున్నాడు. కాళ్లు లేవలేదు. రెండు మడమలూ వెళ్లి నేలకి కొట్టుకున్నాయి.

శిక్షకుడే జీపులో ఆస్పత్రికి తెచ్చాడు. "దూకానని మాత్రం అనకండి మాస్టారూ. మామూలు ఆరోగ్య బీమా ఇలాంటి సాహసాలకి వర్తించదు" అని దారిలో గుసగుసలాడాడు. మాస్టారికి ఉన్న బీమా కోడలి ఆఫీసు తరఫున వచ్చింది. మామగారి పేరు చేర్పించడానికి ఆ పిల్ల ఎంతమందిని బతిమాలిందో ఆయనకి తెలుసు. డాక్టరు అడగ్గానే, "ఇంట్లో మెట్ల మీద జారానండీ" అనేశాడు. సగం బీమా కోసం, సగం సిగ్గుకి. ఈ వయసులో నేల విడిచి సాము చేశానని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

తలెత్తి చూస్తే గుమ్మంలో, కబురందుకుని పరుగెత్తుకొచ్చిన కోడలు నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే మామయ్యా... పొద్దున కడిగి, తుడవకుండా వెళ్లిపోయాను."

అప్పుడే చెప్పేయాల్సింది. బుద్ధి గడ్డి తింది. ఈలోగా కొడుకు వచ్చి పెళ్లాన్ని అందరిముందూ దులిపేశాడు: "తుడిచి వెళ్తే నీ ఆఫీసేమన్నా కూలిపోయేదా?" మాస్టారి అక్క ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది: "మొదట్నుంచీ చూస్తూనే ఉన్నాను, ఈ పిల్లకి అన్నీ తొందరే."

ఆ కట్లు కట్టిన కాళ్ల దగ్గర కోడలు కూర్చుని, "నన్ను క్షమించండి మామయ్యా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, "పోనీలేమ్మా, జరిగిందేదో జరిగింది. క్షమించేశాను" అన్నాడు. ఎంత పెద్ద మనసో అని పక్క మంచంవాళ్లు కూడా మెచ్చుకున్నారు. ఆయనకి సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది.

ఇంటికొచ్చాక మరీ నరకం. కోడలు సెలవు పెట్టి మంచం దగ్గరే ఉంది. ఒళ్లు తుడిచేది, మందులు మింగించేది, దిండు సర్దేది. మెట్టు మెట్టుకీ గోనెపట్టా కొట్టించింది. ఆమె దయగా చూసినకొద్దీ మాస్టారు గోడవైపు తిరిగి పడుకునేవాడు. నొప్పి కాబోలని ఆమె ఇంకా కంగారుపడేది.

ఒకనాడు కొడుకూ అక్కా కూడా ఇంట్లో ఉండగా బీమా కంపెనీ మనిషి వచ్చాడు. మెట్లు ఎక్కి దిగి, ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూసి, మర్యాదగానే అన్నాడు:

"జారితే ఏ నడుమో, మణికట్టో విరుగుతుందండీ. రెండు మడమలూ ఇలా నలిగాయంటే, బాగా ఎత్తు నుంచి నిలువునా పడ్డట్టుంది."

మాస్టారు నోరు తెరిచేలోగానే కోడలు ముందుకొచ్చింది.

"మామయ్య అబద్ధమాడే మనిషి కాదండీ. మా మెట్లు చూశారుగా ఎంత నిటారుగా ఉన్నాయో! సబ్బునీళ్లు పోసింది నేను, తుడవంది నేను. కావాలంటే తప్పంతా నాదేనని రాసిస్తాను. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

బీమా మనిషి కాగితం, పెన్ను అందించాడు. ఆమె వంగి రాయబోయింది. ఇక మాస్టారి వల్ల కాలేదు.

"ఆగమ్మా! నేను మెట్ల మీద పడలేదు. విమానంలోంచి దూకాను."

"వీడికి జ్వరం గానీ వచ్చిందా ఏమిటి?" అంది అక్క. ఎవరూ నవ్వలేదు. మాస్టారు దుప్పటి మీదే చూపు పెట్టి, క్లబ్బు సంగతి, పట్టీల సంగతి, జీపులో మాట, అంతా కక్కేశాడు. బీమా మనిషి కాగితాలు సర్దుకుని, "అయితే ఇది మా పాలసీ కిందికి రాదండీ. ఆస్పత్రి ఖర్చు మీరే భరించాలి" అని చెప్పి వెళ్లిపోయాడు. కొడుకు తన పెళ్లాం మొహం చూడలేక కిటికీ దగ్గరికి నడిచాడు. అక్క చెప్పులేసుకుంది.

కోడలు తిడుతుందని మాస్టారు కాచుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె పెన్ను ఇంకా చేత్తోనే పట్టుకుని ఉంది.

"మిషను అమ్మైనా ఖర్చు నేనే కడతానమ్మా" అన్నాడు.

"డబ్బు సంగతి తర్వాత చూద్దాం. నాకొక్కటి చెప్పండి మామయ్యా. ఆ రోజు నా తల మీద చెయ్యి పెట్టి క్షమించేశానన్నారే, దేన్ని క్షమించారు?"

మాస్టారు ఆ చేతిని మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నాడు.