పాప తీసిన ఫొటో, నేను కట్టిన ఫ్లెక్సీ

మా పాప తీసిన ఒక్క ఫొటోతో మా వీధికి కొళాయి వచ్చిందప్పా! ఎండలో బిందెలు మోసే ఆడోళ్లను తీసి ఫేస్‌బుక్‌లో పెడితే, పేపరోళ్లు కూడా వేసినారు, పైపులు పడినాయి. ఐదో తరగతి చదివిన నా ఇంట్లో ఇంత బంగారం పుట్టిందా అని నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. కోడుమూరు బస్టాండు కాడ పెద్ద ఫ్లెక్సీ కట్టించినా. పాప పెట్టిన ఫొటోలో మొఖాలు లేవు, చేతులూ బిందెలే. అది బాగలేదని పాప ఫోన్లోంచి మొత్తం ఫొటో తీసుకొని వేయించినా. పక్కన దండం పెడుతూ నేను.

ఈ పొద్దు కొళాయి కాడ సుంకులమ్మ కనపడింది. ఫొటోలో ముందుండేది ఆయమ్మే. "ఫ్లెక్సీ చూసినావామ్మా?" అని సంబరంగా అడిగినా.

"చూసినా అన్నా. నీళ్లొచ్చినాయి, మీ పాప సల్లగుండాల. మొఖం రానీయనని నాకు చెప్పే తీసింది ఆ పాప. నువ్వేమో చినిగిన రైకతో నన్ను బస్టాండులో నిలబెడితివి. నా అల్లుడు రోజూ ఆడనే బస్సెక్కుతాడు."

అప్పుడే బస్టాండుకు పోయినా. నిచ్చెన తెచ్చి నేనే ఫ్లెక్సీ దించుతాంటే, "ఏమప్పా, ఎలక్షన్లు అయిపోయినాయా?" అని టీకొట్టాయన నవ్వినాడు. హాస్టలుకు పోయిన పాపకు ఫోన్ చేసి చెప్తే, "దాని ముందర దిగిన ఫొటోలు కూడా తీసేయమని అడుగు నాయనా" అనింది.

ఆ ఫ్లెక్సీ ముందర ఫొటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టినోళ్లు దయచేసి వాటిని తీసేయండి. గుర్తుగా ఉండాలంటే నా మొఖం వరకు కత్తిరించి పెట్టుకోండి. తీసేసినోళ్లు ఈ పోస్టు కింద ఒక మాట రాయండప్పా, సుంకులమ్మకు చదివి వినిపిస్తా.