మావకి నచ్చిన గుండు

మా బుధు మావకి ఈ లోకంలో ఏ తుపాకీ గుండూ నచ్చదు. పెళ్లిసంబంధాలు చూసేవాళ్లు కూడా అన్ని వంకలు పెట్టరు.

పాడేరు పైన మా గూడెంలో చైత్రమాసం ఇటుకల పండగకి మగవాళ్లు వేటకెళ్లాలి. వేట నేరమని ఫారెస్టువాళ్లు ఏటా బోర్డు పెడతారు. మావాళ్లు ఏటా దాని పక్కనుంచే వెళతారు. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు దారికడ్డంగా నిలబడి పేడనీళ్లు పోస్తారు. ముప్పై ఏళ్లుగా మావ మీద పడినన్ని పేడనీళ్లు గూడెంలో ఏ గోడ మీదా పడలేదు.

కారణం ఆ గుండే. మావది మందు కూరి కాల్చే నాటు తుపాకీ. సీసం కరిగించి గుండ్లు తనే పోస్తాడు. ఒక్కోదాన్నీ గురిగింజలతో తూచి, అడ్డాకు మీద దొర్లించి, ఇది తేలికనీ అది వంకరనీ పక్కన పడేస్తాడు. సైకిల్ బేరింగు గుండ్లు కూరేవాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మండుతుంది. అవి చిల్లు పెడతాయి తప్ప పడగొట్టవట. దెబ్బతిన్న దుప్పి మూడు రోజులు కుంటుతూ చస్తే ఆ పాపం ఎవరిదని నిలదీస్తాడు. ఈ ఎంపిక అయ్యేసరికి దుప్పి కొండ దాటేస్తుంది.

ఈ ఏడు ఆయన కొత్తల్లుడు మంగ్లు పండక్కొచ్చాడు. పెళ్లాం జీవిత చూస్తుండగా పేడనీళ్లు పోయించుకుంటే ఇక తలెత్తుకోలేనని అతని బెంగ. మామగారి తుపాకీ అడిగాడు. మావ వెంటనే ఒప్పుకుని, గుండు గుడ్డలో చుట్టి, తనే ఇనుప ఊచతో గొట్టంలోకి దింపి ఇచ్చాడు. ఒక్క వంకైనా పెట్టలేదు. ఆ వింత చూద్దామని నేనూ వాళ్ల వెంటబడ్డాను.

నీళ్లు పారే గెడ్డ దగ్గర, ఇరవై అడుగుల దూరంలో దుప్పి కనబడింది. మంగ్లు పేల్చాడు. పొగ విడిపోయేసరికి దుప్పి రెండు గెంతులేసి, ఆగి, మమ్మల్ని ఒకసారి వెనక్కి చూసి వెళ్లిపోయింది. దాని ఒంటి మీద గీత కూడా లేదు. మంగ్లు వెళ్లి ఆకుల మీద అంటుకున్న నల్లటి ముక్క తీసి వాసన చూశాడు. మసి పూసిన చోడిముద్ద, మేం రోజూ తినే రాగిముద్దే.

"ఏటి మావా ఇది?"

"ఈ నెల్లో ఆడదుప్పులు సూడితో ఉంటాయి అల్లుడా. ఏ గుండైనా ఒక్క పేణానికే సరిపోవాల. రెండు పేణాలు తీసే గుండు నాకెప్పుడూ నచ్చలేదు."

ముప్పై ఏళ్ల వంకలన్నీ నాకప్పుడు అర్థమయ్యాయి. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. మంగ్లుకి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

గూడెం మొదట్లో మా అత్త తవిటమ్మ, పాతికమంది ఆడవాళ్లూ బకెట్లతో సిద్ధంగా ఉన్నారు. మావ గబగబా ముందుకెళ్లి నిలబడ్డాడు.

"అల్లుడు గురి పెట్టాడు. నానే తుపాకీ లాక్కుని పేల్సి గురి తప్పాను. ఆడి తప్పేటీ నేదు."

ఆయన పాత చరిత్ర తెలిసినవాళ్లు గనక అందరూ నమ్మేశారు. ఒక్కటి తప్ప బకెట్లన్నీ ఆయన మీదే ఖాళీ అయ్యాయి. జీవిత మొగుణ్ణి గర్వంగా చూసింది.

ఆ చూపు మంగ్లు కాసేపు అనుభవించాడు. తర్వాత కొత్త చొక్కా విప్పి నా చేతిలో పెట్టి, వెళ్లి మామగారి పక్కన నిలబడ్డాడు. పేల్చింది తనేనని ఒప్పుకున్నాడు.

మిగిలిన ఒక్క బకెట్టునీ జీవిత అందుకుంది.