రూబార్బ్ ఆకుల పప్పు

మా ఆయన శేషగిరికి దయ్యాలంటే భయం లేదు, పాములంటే భయం లేదు. ఐర్లండ్‌లో పాములే లేవనుకోండి, అది వేరే సంగతి. ఆయన భయమల్లా ఒక్కటే, బ్యాంకు.

2010లో ఆయనతో పనిచేసే మల్లేశ్‌కి ఉద్యోగం పోయింది, వాయిదాలు కట్టలేక ఇల్లూ పోయింది. పెళ్ళాం పిల్లల్ని, నాలుగు సూట్‌కేసుల్ని వెంటేసుకుని మా అద్దె ఇంటికి వచ్చి మూడు వారాలున్నాడు. మా హాల్లో గోడ వారగా పెట్టిన ఆ సూట్‌కేసుల్ని చూసుకుంటూ ఈయన రోజూ ఆఫీసుకెళ్ళేవారు. రెండేళ్ళ తర్వాత మెయ్‌నూత్‌లో ఇల్లు కొన్నాం. ఇరవై అయిదేళ్ళ మార్ట్‌గేజ్. సంతకం పెట్టి బయటికొచ్చి, "పదేళ్ళలో తీర్చేస్తాను కమలా, చూస్తుండు" అన్నారు. ఆ రోజు నేను మురిసిపోయాను కూడా.

మర్నాటి నుంచి మొదలైంది నా సంబడం! ఇంటి వెనక పచ్చికంతా తవ్వి బంగాళాదుంపలు, ముల్లంగి, పాలకూర వేశారు. ప్లాస్టిక్ గుడారం కింద మెంతికూర, తోటకూర. నాలుగు కోళ్ళు. రొట్టె ఇంట్లోనే, పెరుగు ఇంట్లోనే, క్షవరం కూడా ఇంట్లోనే. ఒకసారి నా జుట్టు కూడా ఆయనే కత్తిరించారు. ఆ ఫొటో ఇప్పటిదాకా ఎవరికీ చూపించలేదు.

పక్కింటి నోరీన్‌కి డెబ్బై ఏళ్ళుంటాయి. ఆవిడ బీట్‌రూట్ ఆకులు, ముల్లంగి ఆకులు శుభ్రంగా తుంచి పారేసేది. ఈయనకి ప్రాణం ఉసూరుమనేది. "వీళ్ళకి ఆకు తినడం చేతకాదే" అంటూ అడిగి తెచ్చేవారు. నేను పప్పులో వేసేదాన్ని. బాగానే ఉండేవి, అబద్ధం ఎందుకు చెప్పాలి?

అంతలో కరోనా వచ్చి పడింది. క్లాండాల్కిన్‌లో ఆయన కంపెనీ ఏప్రిల్ నుంచి జీతంలో అయిదో వంతు కోసేసింది. ఈయన కోత సంగతి పక్కనపెట్టి బ్యాంకుకి వాయిదాకి మించి ఎప్పుడూ కట్టే మొత్తాన్నే కట్టారు. ఆ కోతంతా మా పళ్ళెంలో పడింది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదని కొత్త రూలు. మా చరితకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఒక్క మెతుకు వదిలినా ఈయన గొంతు లేచేది. "ఇల్లు పోతే రోడ్డు మీద ఉంటావా?" అని ఆ పసిదాన్ని అడిగేవారు. నేను వింటూ నోరు మూసుకున్నాను. నాకూ భయమే మరి.

మే నెలలో ఒక శనివారం నోరీన్ మా మధ్యగోడ మీద రూబార్బ్ కట్ట పెట్టింది. ఎర్రటి కాడలు, చేటంత ఆకులు. "కాడలే తినండి, ఆకులు పారేయండి" అని దూరం నుంచే చెప్పింది. ఆయన విన్నారు, నేనూ విన్నాను.

"ఆవిడ దేన్ని పారెయ్యమనలేదు గనక?" అన్నారీయన. "కాడ పుల్లగా ఉందంటే ఆకూ మన చుక్కకూర లాగే ఉంటుంది. పప్పులో వేసెయ్."

లాక్‌డౌన్‌లో అయిదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదాయె, ఇండియన్ షాపు చూసి రెండు నెలలైంది. పుల్లకూర పప్పంటే నాకూ నోరూరింది. వేశాను. శనివారం నాకు ఒంటిపూట, మధ్యాహ్నం తినను. చరితకి వడ్డించాను. ఈయన రెండుసార్లు వేయించుకుని, గిన్నె ఊడ్చి మరీ తిన్నారు.

గంటన్నరకి గొంతు మండుతోందన్నారు. తర్వాత వాంతులు. కడుపు పట్టుకుని బాత్రూమ్ గడప మీద కూలబడిపోయారు. ఊపిరి ఎగపోస్తుంటే కరోనాయే అనుకున్నాను. జీపీకి, అదే మా ఫ్యామిలీ డాక్టరుకి, ఫోన్ చేశాను. జ్వరముందా, దగ్గుందా అని అడిగి, చివరికి ఏం తిన్నారంది డాక్టరు. చెప్పాను.

ఆ ఆకులు విషమట. అంబులెన్స్ పిలవమంది. "ఇంకెవరైనా తిన్నారా?" అంది.

ఫోన్ పట్టుకునే హాల్లోకి పరిగెత్తాను. "చరితా, పప్పు ఎంత తిన్నావే?"

అది బాత్రూమ్ వైపు చూసింది. "మొత్తం తినేశాను."

"నిజం చెప్పు తల్లీ, ఏమీ అనను!"

"ఆల్ ఆఫ్ ఇట్, అమ్మా. ఐ ప్రామిస్."

పెద్దవాడికే అలా ఉంటే పిడికెడు పిల్లకి ఏమవుతుంది? నోరు తెరిపించి చూశాను, పొట్ట నొక్కాను. నొప్పి లేదంటుంది, తిన్నానంటుంది. నా చేత్తో నేనే పెట్టానే దేవుడా అని తల బాదుకున్నాను.

అంబులెన్స్ వచ్చింది. తెల్ల సూట్లు, మాస్కులు, మొహాలే కనపడవు. ఈయన్ని కుర్చీలో కూర్చోబెట్టి బయటికి తీసుకెళ్ళారు. పాపని కూడా ఎక్కించాలని వాళ్ళలో ఒకమ్మాయి గుమ్మంలో ఆగింది. నేను దాని చెప్పులు వెతుకుతున్నాను.

"నాన్న వెళ్ళిపోయారా?" అంది చరిత.

"బండి ఎక్కించారమ్మా."

అప్పుడు లేచి టీవీ కింది అలమర తలుపు తీసి, బోర్డు గేముల వెనకనుంచి ఒక టిష్యూ ముద్ద బయటికి లాగింది. తడిగా ఉంది. పప్పన్నం! దాని వెనక ఇంకా ఉన్నాయి, ఎండిపోయినవి, బూజు పట్టినవి. మొత్తం పదకొండు.

"నాన్నకి చెప్పకు, ప్లీజ్" అని ఏడ్చింది.

ఆ అమ్మాయి ముద్దని వేలితో కదిపి చూసి, "షీ ఈజ్ గ్రాండ్" అంది, పాపకేం ఫరవాలేదని. సాయంత్రం దాకా కనిపెట్టి ఉండమని చెప్పి వెళ్ళింది. నేను నేల మీద కూలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాను. బతికింది, చాలు. కానీ ఎన్నాళ్ళ నుంచి ఆకలితో పడుకుంటోందో నా కూతురు, నాకు తెలియనే తెలియదు.

ఆస్పత్రిలోకి నన్ను రానివ్వలేదు. కిడ్నీలు ఎలా ఉంటాయో రెండు రోజులైతే గానీ చెప్పలేమన్నారు. ఫోన్ మోగితే చాలు చచ్చేంత భయం. అయిదో రోజు ఇంటికొచ్చారు, సగమైపోయి. వంటిల్లు చేరగానే ఆ పదకొండు ముద్దల్నీ పళ్ళెంలో పెట్టి ఆయన ముందుంచాను. మా ఇంట్లో ఏదీ పారెయ్యం కదా!

ఒక్కొక్కటే విప్పి చూశారు. తర్వాత ఆ రూలు ఎత్తలేదు, గొంతు లేపలేదు.

2021 డిసెంబర్‌లో అప్పు తీరిపోయినట్టు బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. పదేళ్ళు కూడా పట్టలేదు. ఆ ఆదివారం మొదటిసారి బయటినుంచి బిర్యానీ తెప్పించారు. సగం తినేసరికి చరిత చెయ్యి ఆగిపోయింది.

"చాలితే వదిలెయ్ నాన్నా, ఫరవాలేదు" అన్నారీయన, ఎంతో మెల్లగా.

చరిత ఆయన మొహం వంకే చూస్తూ, ఆఖరి మెతుకు దాకా తినేసింది.